అరుగులు పోయి ర్యాంపులు వచ్చిన ఊరు

సంపాదకుల వారికి నమస్కారములు.

సరిహద్దు పట్టణాల రోడ్లు ఇరుకైపోయాయనీ, వాటిని వెడల్పు చేయడం తప్ప వేరే దారి లేదనీ ఇటీవల మీ పత్రికలో వచ్చిన వార్త చదివాక ఈ ఉత్తరం రాయాలనిపించింది. నేను ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రమైన పర్లాకిమిడిలో పుట్టి, ఇక్కడే ముప్పై ఏళ్ళకు పైగా బడిపంతులుగా పనిచేసి, ఇక్కడే కాలక్షేపం చేస్తున్న తెలుగువాణ్ణి. నాకు తెలిసినంతలో మా వీధులు ఇరుకు కాలేదు. మా తాతల నాడు ఎంత వెడల్పున్నాయో ఇప్పటికీ దాదాపు అంతే ఉన్నాయి. వాటిలో మనం తెచ్చి నిలబెడుతున్న వస్తువు పెద్దదయింది. కారు మా నిత్యజీవితంలోకి ఎలా చొరబడిందో, వస్తూ వస్తూ మా వాకిళ్ళ నుంచి ఏమి పట్టుకుపోయిందో నేను చూసినంత మేరకు చెబుతాను. ఇందులో నా తప్పు కూడా ఉంది కాబట్టి దానిని దాచకుండానే రాస్తున్నాను.

2011 జనాభా లెక్కల ప్రకారం మా ఊళ్ళో ఉన్నది సుమారు 46 వేల మంది. మా ఇంటి నుంచి కూరల బజారు, గుడి, బడి, ఆసుపత్రి, బస్టాండు, రైల్వే స్టేషను, వీటిలో ఏదీ నడిచి వెళ్ళలేనంత దూరంలో లేదు. గీతకు అవతల ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న పాతపట్నం వాళ్ళు రాష్ట్రం దాటి మా బజారుకు రావడమూ, మా వాళ్ళు ఆ పక్కకు వెళ్ళి రావడమూ ఒక పేటలో నుంచి మరో పేటకు వెళ్ళినంత మామూలుగా జరిగిపోతుంది. అందుచేత మహానగరాల వారు చెప్పే దూరాభారపు సాకు మాకు చెల్లదు. మా ఊళ్ళో కారు దూరం వల్ల పుట్టిన అవసరం కాదు, అలవాటు వల్ల పుట్టిన అవసరం. అలవాటుకు మొదలెక్కడో వెదకవచ్చు.

ఆ వెదుకులాటలో నాకు ముందుగా గుర్తుకొచ్చేది మా చిన్న రైలు. పర్లాకిమిడి రాజావారు గౌరచంద్ర గజపతి పూనుకుని వేయించిన రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మార్గం 1900 ఏప్రిల్ 1న నౌపడ నుంచి మా ఊరి దాకా మొదలైంది. సుమారు ఇరవై అయిదు మైళ్ళ దారి, ఖర్చు ఏడు లక్షల రూపాయలు. 1931 నాటికి అది గుణుపురం దాకా సాగింది. ఏడు లక్షలు అన్నప్పుడల్లా నాకు ఒక వింత ఆలోచన వస్తుంది. నాటి రూపాయి వేరు, నేటి రూపాయి వేరు అని తెలియక కాదు గానీ, ఆనాడు ఇన్ని ఊళ్ళ జనాన్ని మోసిన రైలు మార్గానికి అయిన అంకె ఈనాడు మా వీధిలో ఒక్కో గుమ్మం ముందు కారు రూపంలో ఎండకు ఎండుతూ, వారానికి రెండుసార్లు కదులుతోంది. ఆ రైలు నెమ్మదిగా నడిచేదని నవ్వేవాళ్ళం. కానీ అది టెక్కలి, టెంబూరు, పాతపట్నం, కాశీనగర్ మనుషులను ఒకరి ఎదుట ఒకరిని కూర్చోబెట్టేది. ఎవరింట్లో పిల్ల పెళ్ళికి ఉందో, ఏ ఊళ్ళో వానలు పడ్డాయో ఆ పెట్టెల్లోనే తెలిసేది. బ్రాడ్ గేజి పనుల కోసం 2004 జూన్‌లో దానిని ఆపేశారు. కొత్త పట్టాల మీద రైలు తిరిగి మా ఊరికి వచ్చింది 2010 ఆగస్టులో, గుణుపురానికి 2011లో. ఆ ఆరేళ్ళ వ్యవధిలోనే మా వైపు కుటుంబాలు ఒకటొకటిగా అప్పు చేసి మోటారు సైకిళ్ళు కొన్నాయి, తరువాత వాటి మీద నుంచి కార్లలోకి ఎక్కాయి. రైలు తిరిగి వచ్చింది గానీ, దాని కోసం వేచి ఉండే అలవాటు తిరిగి రాలేదు. ఈ రోజుకీ మా స్టేషనుకు వచ్చే రైళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ వేళలు కూడా బడులకూ, కచేరీలకూ, ఆసుపత్రి పనులకూ పొసిగేవి కావు. బండి అన్న మాట మా ఇళ్ళలో ఎన్నిసార్లు అర్థం మార్చుకుందో చూస్తే ఈ కథంతా తెలుస్తుంది. మా తాతగారి నోట అది ఎద్దుబండి, మా నాన్నగారి నోట రైలుబండి, నా నోట స్కూటరు, మా అబ్బాయి నోట కారు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా వీధిలో పాత ఇళ్ళన్నిటికీ గుమ్మానికి అటూ ఇటూ గజం వెడల్పున అరుగులు ఉండేవి. దారిన పోయే వాడు అడగకుండా కూర్చోవచ్చు. కూరల బుట్ట దించుకుని చెమట తుడుచుకోవచ్చు. మంచినీళ్ళు అడిగితే లోపలి నుంచి చెంబు వచ్చేది. అరుగు ఇంటివారిదా వీధిదా అని ఎవరూ తేల్చలేదు, తేల్చవలసిన అవసరమూ రాలేదు. ఇప్పుడా స్థానంలో సిమెంటు ర్యాంపులు ఉన్నాయి. కారు గుమ్మం ఎక్కాలంటే ఏటవాలు కావాలి, ఏటవాలు కావాలంటే అరుగు పడగొట్టాలి, కింద ఉన్న మురుగు కాలువను మూసేయాలి. నాలుగు మీటర్ల లోపు పొడవున్న చిన్న కార్లకు మన దేశంలో పన్ను తక్కువ కాబట్టి మా వాళ్ళు కొనేవి ఎక్కువగా ఆ లెక్కకు సరిపోయేవే, అయినా మా ఇళ్ళ ముఖభాగంలో సగానికి పైగా దానికే సరిపోతుంది. ప్రతి ఇంటి ర్యాంపు ఒక్కో ఎత్తులో ఉండటం వల్ల, కాలిబాట అనేది అసలే లేని మా వీధుల్లో అంచు పట్టుకుని నడిచే వీలు కూడా పోయింది. ముసలివాళ్ళు ర్యాంపు ఎక్కి దిగలేక నడివీధిలోకి వస్తారు, నడివీధిలోకి వచ్చినందుకు హారను మోత తింటారు. వానాకాలంలో కాలువ పొంగితే పూడిక తీయడానికి వచ్చిన మున్సిపాలిటీ కూలీలకు గునపం దించే సందు ఉండదు. మా ఇంటి అరుగు కూడా ఇలాగే పోయింది. మా అబ్బాయి ముచ్చటపడి కారు కొని ఇచ్చినప్పుడు నేనే దగ్గరుండి మేస్త్రి చేత దానిని కొట్టించాను. అప్పుడు నాకు అది సౌకర్యంగానే తోచింది.

అరుగు పోతే ఏమిటి, లోపల కుర్చీలు లేవా అని మీ పాఠకుల్లో కొందరు అనవచ్చు. శ్రీకాకుళంలోనో, విశాఖపట్నంలోనో అయితే ఆ మాట చెల్లుతుందేమో గానీ మాకు చెల్లదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది. (మా రైలు పుట్టిన తేదీ కూడా అదే కావడం మా ఊరి వాళ్ళు సరదాగా చెప్పుకునే మాట.) అప్పటి నుంచి మా పిల్లలు బడిలో చదివేది ఒడియా, ఇప్పుడు ఎక్కువమంది చదివేది ఇంగ్లీషు. వ్యావహారిక భాష కోసం జీవితమంతా వాదించిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఆ ఊరి పిల్లలకు ఈనాడు తెలుగు దొరికే చోటు బడి కాదు, ఇంటి వాకిలి. నేను నేర్చుకున్న పద్యాలూ, సామెతలూ, పొడుపు కథలూ, ఊళ్ళో ఎవరిని బాబాయి అనాలో, ఎవరిని మావయ్యా అనాలో అన్న మర్యాదా పుస్తకంలో చదివినవి కావు. సాయంత్రం పూట అరుగు మీద నలుగురు పెద్దవాళ్ళ మధ్య కూర్చుని విన్నవి. అద్దాలు ఎక్కించిన కారులో బడికి వెళ్ళి, అదే కారులో తిరిగి వచ్చి, గేటు లోపలే దిగే పిల్లవాడికి ఆ నలుగురూ తారసపడే అవకాశమే లేదు. మా మనవడు వీధిలో ఎదురింటి ముసలమ్మను చూసి ఎవరని నన్ను అడిగిన రోజున నేను పడగొట్టించింది రాతి కట్టడం మాత్రమే కాదని తెలిసింది.

ఉదయం బడి వేళ మా వీధి మలుపులో నిలబడి చూస్తే ఈ వ్యవహారం ఎంత అసంబద్ధంగా ఉందో కళ్ళకు కడుతుంది. పది పదిహేను నిమిషాల్లో నడిచి చేరే బడికి ఒక్కొక్క పిల్లను కూర్చోబెట్టుకుని ఒక్కొక్క కారు వస్తుంది. బడి గేటు దగ్గర అవన్నీ ఒకదానికొకటి అడ్డుపడి, నడిచి వచ్చిన పిల్లల కంటే ఆలస్యంగా పిల్లలను దించుతాయి. ఇంజను వేడెక్కక ముందే ఆ ప్రయాణం పూర్తవుతుంది. చల్లటి ఇంజను పెట్రోలు ఎక్కువ తాగుతుంది, పొగను శుద్ధి చేసే పరికరం వేడెక్కితే గానీ సరిగా పనిచేయదు, కాబట్టి కిలోమీటరు దూరపు ఈ ప్రయాణాలే లెక్కకు మించిన పొగ వదులుతాయి. ఆ పొగ సరిగ్గా పిల్లల ముక్కు ఎత్తులో తిరుగుతుంది. తల్లిదండ్రులను అడిగితే రోడ్డు మీద కార్ల భయంతోనే పిల్లలను నడవనివ్వడం లేదని చెబుతారు. ఆ భయం అబద్ధం కాదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో 32,825 మంది నడిచి వెళ్ళేవారే. అయితే ఎదుటివాడి కారుకు భయపడి మనం కారు ఎక్కితే, మన కారుకు భయపడి మూడో వాడు కారు కొంటాడు. బడికి వెళ్ళే పిల్లలకు ఒడిశా ప్రభుత్వం ఏళ్ళ తరబడి సైకిళ్ళు ఇస్తోంది. మా వీధి పిల్లల సైకిళ్ళు మాత్రం మెట్ల కింద దుమ్ము పట్టి ఉన్నాయి.

కారు అసలు వద్దనే మూర్ఖత్వం నాకు లేదు. అర్ధరాత్రి గుండె నొప్పి వస్తే, కాన్పు కష్టమైతే, బరంపురం దాకా వంద కిలోమీటర్లకు పైగా వెళ్ళవలసి వస్తే కారే దేవుడు. మోకాళ్ళ నొప్పులున్న వారికి, చూపు తగ్గిన వారికి, వైశాఖం ఎండలో పసిబిడ్డను ఎత్తుకున్న తల్లికి నడవండని చెప్పడం దయలేని పని. ఎండ మాటెత్తాను కాబట్టి ఒకటి చెప్పాలి: రోడ్డు వెడల్పు పేరుతో దారి పక్కన ఉన్న చెట్లు కొట్టేసిన చోట మధ్యాహ్నం నడవడం ఎవరి వల్లా కాదు, అక్కడ కారు ఎక్కిన వారిని నేను తప్పు పట్టను. మొత్తం దేశంలో నూటికి అయిదు ఇళ్ళలో కూడా కారు లేదని, సుమారు నలభై అయిదు ఇళ్ళలో సైకిలు ఉందని 2011 జనాభా లెక్కలు చెప్పాయి. ఆ తరువాత కార్లు పెరిగిన మాట నిజమే అయినా, ఈనాటికీ మా ఊళ్ళో ఎక్కువమంది నడిచేవారు, సైకిలు తొక్కేవారు, సర్వీసు ఆటో ఎక్కేవారే. వీధి మాత్రం లేనివారి కోసం కాకుండా ఉన్నవారి కోసం తయారవుతోంది. విద్యుత్తు కార్లు వస్తే అన్నీ సర్దుకుంటాయని కొందరు అంటున్నారు. పొగ తగ్గుతుంది, సంతోషమే. అరుగు ఉన్న చోట నిలబడే కారు పెట్రోలుదయితేనేం, కరెంటుదయితేనేం.

ఇంగ్లీషు దొరలు మన రథాన్ని కారు అనీ, రథయాత్రను కారు పండుగ అనీ, రథవీధిని కారు వీధి అనీ రాసుకున్నారు. మా ఊరి రథయాత్ర నాడు ఇప్పటికీ ఒక్క మోటారు కూడా లేకుండా వీధంతా మనుషులతో నిండుతుంది. వెడల్పు చాలలేదని ఆ రోజు ఎవరూ ఫిర్యాదు చేయరు. ఒక్క రథాన్ని వేల చేతులు లాగడానికి సరిపోయిన వీధి, మర్నాటికి ఇరుకైపోతుంది.

పెళ్ళిళ్ళ సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. మా చిన్నతనంలో మగపెళ్ళివారు బస్సు మాట్లాడుకుని వచ్చేవారు. బస్సు దిగుతున్నప్పుడే వియ్యాలవారి పరాచికాలు మొదలయ్యేవి. ఇప్పుడు కల్యాణ మండపాలు ఊరి బయట కార్లు నిలిపే ఖాళీ స్థలం చూసి కడుతున్నారు, రాత్రి పూట అక్కడికి ఆటో దొరకదు. ఈ మధ్య మా బంధువుల ఇంటి పెళ్ళికి అలాంటి చోటికి పిలిస్తే, కారు లేని మా మేనత్త వరస ఆవిడ, డెబ్బై ఏళ్ళ మనిషి, ఎవరిని తీసుకెళ్ళమని అడగాలో తెలియక ఇంట్లోనే ఉండిపోయింది. బస్సు మాట్లాడటం ఈ రోజుల్లో చిన్నతనంగా భావిస్తున్నారు. శుభలేఖలో ముహూర్తం పక్కన ఫలానా గుడి దగ్గర నుంచి ఇన్ని గంటలకు బస్సు బయలుదేరుతుందని ఒక వరుస అచ్చు వేయిస్తే, వంటలో ఒక మిఠాయి తగ్గించినంత ఖర్చు కూడా కాదు.

సరిహద్దు మా కష్టాన్ని మరింత పెంచుతోంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలుపెట్టి పల్లెవెలుగు మొదలుకొని ఎక్స్‌ప్రెస్ దాకా అయిదు రకాల బస్సుల్లో ఆ రాష్ట్రపు ఆడవారికి ఉచిత ప్రయాణం ఇచ్చింది. అది మెచ్చుకోదగ్గ పనే. కానీ రాష్ట్రం దాటే బస్సులకు అది వర్తించదు, మా వైపు ఆడవారి ఆధార్ కార్డుకు అసలే వర్తించదు. ఇటు ఒడిశా ప్రభుత్వం 2023లో పంచాయతీలను కలుపుతూ లక్ష్మి పేరుతో బస్సులు ప్రారంభించింది. వాటికి సరిహద్దు గీతే చివరి గమ్యం. రెండు రాష్ట్రాల బస్సులూ గీతకు అటూ ఇటూ వచ్చి వెనక్కి తిరిగితే, మధ్యలో మిగిలిన ఆ కాస్త దూరానికి ఆటోవాడికి ఇచ్చేది మొత్తం బస్సు చార్జీ కంటే భారమవుతుంది. అది చూసి విసిగినవాడే షోరూముకు వెళ్ళి వాయిదాల మీద కారు కొంటున్నాడు. పాతపట్నం, పర్లాకిమిడిలను ఒకే ఊరుగా లెక్కించి, ఉదయం సాయంత్రం రైలు వేళలకు అందేటట్టు, రెండు ప్రభుత్వాల పాసులూ చెల్లేటట్టు నాలుగు చిన్న బస్సులు తిప్పితే ఎన్ని కుటుంబాలకు ఆ అప్పు తప్పుతుందో అధికారులు ఒకసారి ఆలోచించాలి. ప్రయాణంలో కదలవలసినది మనుషులే గాని వాహనాలు కావని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది.

స్పెయిన్ దేశంలో పొంటెవెద్రా అనే ఊరు ఉంది. జనాభా ఎనభై వేల పైచిలుకు, అంటే మా ఊరికి రెండింతలు కూడా కాదు. 1999 నుంచి ఆ ఊరివారు నడిబొడ్డు వీధుల్లో నుంచి కార్లను క్రమంగా తప్పించారు; బయటి నుంచి వచ్చినవారు శివార్లలో కారు నిలిపి నడిచి వస్తారు. వారు చేసిన పనుల్లో నాకు బాగా నచ్చినది డబ్బు ఖర్చు లేనిది: ఊళ్ళో ఒక చోటి నుంచి మరొక చోటికి నడిస్తే ఎన్ని నిమిషాలు పడుతుందో రైలు మార్గాల పటంలా గీసి అందరికీ పంచారు. అటువంటి పటం మా ఊరికి మా పిల్లలే గీయగలరు. రాజభవనం నుంచి బస్టాండుకు ఎన్ని నిమిషాలు, మహేంద్రతనయ నది ఒడ్డు నుంచి కూరల బజారుకు ఎన్ని నిమిషాలు అని ఒక ఆదివారం నడిచి కొలిస్తే చాలు. చాలామంది పెద్దలకు ఆ అంకెలు చూశాక సిగ్గు కలుగుతుందని నా నమ్మకం, ఎందుకంటే నాకు కలిగింది.

మున్సిపాలిటీ వారిని నేను కోరేది ఏమిటంటే, రోడ్డు వెడల్పుకు ఖర్చు పెట్టదలచిన డబ్బులో కొంత భాగంతో కాలువల మీద ఒకే ఎత్తులో పలకలు పరిచి, ర్యాంపులను ఇంటి గోడ లోపలికి జరిపించి, నడవడానికి ఒక వరుస చూపించండి. కాలిబాట మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, ఇది మేము దయగా అడుగుతున్నది కాదు. సంత జరిగే పూట బజారు వీధిలోకి కార్లు రాకుండా ఆపండి. అమ్ముకునే వారికీ కొనుక్కునే వారికీ అది లాభమే. బడుల యాజమాన్యాలు గేటుకు కొంత దూరంలో కార్లు ఆపించి, అక్కడి నుంచి పిల్లలను బారుగా నడిపిస్తే సగం గందరగోళం ఆ రోజే తగ్గుతుంది. నడిపించడానికి మనుషులు లేరంటారేమో, ఊళ్ళో నాలాంటి పింఛనుదారులం తగినంతమందిమి ఉన్నాము. మాకు డాక్టర్లు రోజూ చెబుతున్నదీ నడవమనే.

నా వంతు సంగతి కూడా రాసి ముగిస్తాను. మా వీధిలో మూడు కుటుంబాల వాళ్ళం మాట్లాడుకుని, మూడు కార్లకు బదులు ఒకటే ఉంచుకున్నాము. అది పక్కింటివారి ఖాళీ పెరట్లో ఉంటుంది, తాళం చెవి వారింటి మేకుకు వేలాడుతుంది, అత్యవసరం ఎవరిదైతే వారు తీసుకువెళ్ళి పెట్రోలు పోయించి తెస్తారు. మొదటి నెలలో రెండుసార్లు మాటా మాటా వచ్చింది. ఆ తరువాత రాలేదు. కారు లేని ర్యాంపుతో నాకు పని లేదు కాబట్టి దానిని కొట్టించి తిరిగి అరుగు కట్టమని మేస్త్రితో మాట్లాడాను. పాత రాళ్ళు పెరట్లో తులసికోట పక్కనే పడి ఉన్నాయి, రెండు రోజుల పని అన్నాడు. వేసవి సెలవుల తరువాత బడులు తెరిచే రోజు నుంచి ఉదయం ఏడుంబావుకు నేను ఆ అరుగు మీద కూర్చుని ఉంటాను. పిల్లలను నడిపించి పంపదలచిన మా పేట తల్లిదండ్రులు వారిని అక్కడికి తీసుకురావచ్చు, ఏడున్నరకు బయలుదేరతాము.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.